తొవ్వకు తగ్గ సైకిలు

(కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ళ కోసం చిరాగ్‌పల్లిలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మాట సైకిలు కొనడం గురించి.

"సైకిలు కొనేది మగవాళ్ళ పని. మాకేం తెలుసు?" అని కొందరు అంటారు. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూడాలని మీకు తెలుసు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూడాలని తెలుసు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వినాలని తెలుసు. సైకిలు కూడా అంతే. ఎక్కడ చూడాలో తెలిస్తే మీరే కొనవచ్చు.

ఒక ఇంటి సంగతి

ఒక ఇల్లు అనుకుందాం. చిరాగ్‌పల్లి లాంటి ఊరే. ఊరి పక్కనే పెద్ద సడక్. హైదరాబాదు నుండి కర్ణాటక వైపు లారీలు రాత్రింబగళ్ళు పోతూనే ఉంటాయి. చేల వైపు పోతే ఎర్ర మొరం తొవ్వలు. వాన పడితే జారుతాయి. ఎండ కాస్తే రాళ్ళు తేలుతాయి. చెరుకు ట్రాక్టర్లు నడిచిన చోట గుంతలు పడతాయి.

ఆ ఇంటి తల్లి కైకిలికి పోతుంది. ఆమె బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చింది. పై తరగతుల బడి 5 కిలోమీటర్ల దూరం. ఆటోకు రోజూ పైసలు కావాలి. నడిచిపోతే పొద్దంతా తొవ్వలోనే పోతుంది.

"ఆడపిల్లకు ఇంత చదువు చాలు. బడి మానిపియ్యి" అంది అత్త.

తల్లి జవాబు చెప్పలేదు. పలక తీసి లెక్క వేసింది.

నడిస్తే గంటకు 5 కిలోమీటర్లు. పోవడానికి 60 నిమిషాలు. రావడానికి 60 నిమిషాలు. మొత్తం 120 నిమిషాలు.

సైకిలు మీద పోతే గంటకు 12 కిలోమీటర్లు. పోవడానికి 25 నిమిషాలు. రావడానికి 25 నిమిషాలు. మొత్తం 50 నిమిషాలు.

120లో 50 పోతే 70.

"రోజుకు డెబ్బై నిమిషాలు మిగులుతయి అత్తమ్మా! అంతసేపు పిల్ల ఇంట్ల కూసొని చదువుకుంటది" అంది తల్లి.

సంఘంలో దాచుకున్నవి కొన్ని, అప్పు తీసుకున్నవి కొన్ని. రెండూ కలిపితే 9,000 రూపాయలు అయ్యాయి. అప్పు నెలనెలా కట్టాలి. సైకిలు ఆరు నెలలకే మూలకు పడితే రెండు నష్టాలు. అప్పు మిగులుతుంది. బిడ్డ చదువు ఆగుతుంది. అందుకే ఆ తల్లి తొందరపడలేదు.

సైకిలెక్కిన ఆడవాళ్ళు

"ఆడపిల్ల సైకిలు తొక్కితే ఊరు నవ్వదా?" అని అత్త మళ్ళీ అడిగింది. ఈ మాట చాలా ఊళ్ళలో అడిగినదే.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ అందరికీ చదువు చెప్పే ఉద్యమం మొదలైంది. దాని పేరు అరివొళి ఇయక్కం. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పాలని ఆమె పట్టుబట్టారు. సైకిళ్ళు కొనుక్కోవడానికి ఆడవాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించారు. పొలాల్లో పని చేసేవాళ్ళు నేర్చుకున్నారు. రాళ్ళు కొట్టే క్వారీల్లో పని చేసేవాళ్ళు కూడా నేర్చుకున్నారు. మొదట్లో జనం నవ్వారు, ఎగతాళి చేశారు. ఆడవాళ్ళు దిగలేదు.

అక్కడ ఆడవాళ్ళ సైకిళ్ళు చాలినన్ని దొరకలేదు. అప్పుడు వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. ముందు కడ్డీ ఉంటే చంటిపిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే ఇష్టపడ్డారు. పి. సాయినాథ్ అనే పాత్రికేయుడు ఆ ఊళ్ళు తిరిగి ఈ సంగతులు రాశారు. నెల్లూరు జిల్లాలో చదువు నేర్చిన ఆడవాళ్ళు 1992లో సారా మీద లేచారు. పుదుక్కోట్టైలో చదువు నేర్చిన ఆడవాళ్ళు సైకిలెక్కారు.

బీహారు సంగతి కూడా వినండి. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కోసం 2,000 రూపాయల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తరువాత హైస్కూలులో చేరే ఆడపిల్లలు బాగా పెరిగారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలో మేలు ఎక్కువ కనిపించింది.

ఈ సంగతులు విన్నాక అత్త ఒక మాట అంది. "సరే, కొనుండ్రి. కాని మంచిది చూసి కొనుండ్రి."

దుకాణంలో

తల్లి, బిడ్డ, చిన్న కొడుకు ముగ్గురూ జహీరాబాదు పోయారు. దుకాణదారు ఒక సైకిలు ముందుకు తెచ్చాడు.

"అమ్మా, గిది చూడుండ్రి. ముందట స్ప్రింగు, ఎనుక స్ప్రింగు. 21 గేర్లు. డిస్కు బ్రేకులు. 8,500 రూపాయలకే ఇస్త."

"అమ్మా, గిదే కొందాం! మోటరు సైకిలు లెక్క ఉంది" అన్నాడు కొడుకు.

తల్లి సైకిలును రెండు చేతులతో ఎత్తి చూసింది. బాగా బరువుంది. బిడ్డ వైపు చూసింది. గుంతల్లో, ఎదురుగాలిలో ఈ బరువును లాగేది ఆ చిన్న కాళ్ళే.

ఇలాంటి సైకిలును కొండ సైకిలు అంటారు. అది 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. అక్కడ కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళు బాగు చేసుకొని కొండ తొవ్వల మీద దిగేవారు. మామూలు సైకిళ్ళు ఆ రాళ్ళకు తట్టుకోలేదు. అందుకని గట్టి చట్రం, లావు టైరు, మంచి బ్రేకు, గేర్లు కలిపి కొత్త రకం సైకిలు చేశారు. ముందు చక్రానికి స్ప్రింగు తరువాత వచ్చింది.

ఈ కొండ సైకిళ్ళలో మూడు రకాలు ఉన్నాయి. ఒకటి, స్ప్రింగు అసలు లేనిది. రెండు, ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగు ఉన్నది. మూడు, ముందు, వెనుక రెండింటికీ స్ప్రింగు ఉన్నది.

పైసలు తక్కువ ఉన్నప్పుడు మూడో రకం జోలికి పోవద్దు. వెనుక స్ప్రింగు మంచిది కావాలంటే చాలా ఖరీదు అవుతుంది. తక్కువ ధరలో వచ్చే వెనుక స్ప్రింగు బరువు పెంచుతుంది. తొక్కినప్పుడల్లా సీటు ఊగుతుంది. కాళ్ళ బలం కొంత ఆ ఊపులోనే పోతుంది. చట్రం మడిచే చోట కీళ్ళు అరిగి, కొన్నాళ్ళకు కిర్రుమంటాయి.

ధర ఒక్కటే అయినప్పుడు ఎన్ని హంగులు ఎక్కువైతే ఒక్కో భాగం అంత నాసిరకం అవుతుంది. కూర అంతే ఉండి చుట్టాలు పెరిగితే ఏమవుతుంది? నీళ్ళు పోయాల్సిందే కదా!

తల్లి అడిగింది: "ఎనుక స్ప్రింగు లేనిది చూపియ్యి అన్నా. టైరు లావుగ ఉండాలె. కడ్డీ కిందికి ఉండాలె. నా బిడ్డనే కాదు, నేను కూడ ఎక్కుత."

దుకాణదారు నవ్వాడు. కాని లోపలికి పోయి ఇంకో రెండు తెచ్చాడు.

చూడవలసినవి

ఆ తల్లి ఏమేం చూసిందో ఒక్కొక్కటి చెప్పుకుందాం.

కొలత: సైకిలు మీద నిలబడి రెండు కాళ్ళూ నేలకు ఆనించాలి. కడ్డీకి, శరీరానికి మధ్య కనీసం రెండు మూడు వేళ్ళు కాదు, ఒక బెత్తెడు సందు ఉండాలి. తరువాత సీటు మీద కూర్చొని మడమ పెడలు మీద పెట్టాలి. పెడలు అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు కాలు చాచినట్టు ఉండాలి. నేర్చుకునే రోజుల్లో సీటు ఇంకా కిందికి దించుకోవచ్చు. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనపడేంత పైకి సీటు లేపవద్దు. లేపితే గొట్టం విరగవచ్చు. "పిల్ల పెరుగుతది, పెద్ద సైకిలు తీసుకో" అని ఎవరైనా అంటారు. కాళ్ళు అందని సైకిలు ప్రమాదం. ఈ రోజు అందే సైకిలే కొనాలి.

ముందు స్ప్రింగు: ముందు బ్రేకు పట్టుకొని హ్యాండిలును కిందికి నొక్కాలి. మెత్తగా దిగాలి. మెల్లగా లేవాలి. దిగకుండా బిగుసుకుపోయినా, టక్కుమని కొట్టుకున్నా, పక్కలకు ఊగినా ఆ స్ప్రింగు ఉత్త అలంకారమే. అప్పుడు స్ప్రింగు లేని మామూలు సైకిలు తీసుకొని లావు టైరు చూసుకోవడం మేలు. టైరులోని గాలి కూడా స్ప్రింగు లాగే కుదుపును ఆపుతుంది.

టైరు: టైరు పక్కన అంకెలు ఉంటాయి. అవి మీరు చదవగలరు. 26 × 1.95 అని గాని, 26 × 2.10 అని గాని ఉంటే అది లావు టైరు. మొరం తొవ్వకు మంచిది. ఆడవాళ్ళ మామూలు సైకిలు టైరు మీద 26 × 1 3/8 అని ఉంటుంది. అది సన్నం. రెండింటి మీదా 26 అనే ఉంటుంది. కాని ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు. కొత్త టైరు తెచ్చేటప్పుడు అంకెలన్నీ కాగితం మీద రాసుకొని పోవాలి.

గాలి ఎంత కొట్టాలో కూడా టైరు మీదనే ఉంటుంది. 40–65 అని ఉంటే 40కి తగ్గవద్దు, 65 దాటవద్దు. మొరం మీద తక్కువ అంకెకు దగ్గరగా కొట్టాలి. వెనుక మనిషి గాని, మూట గాని ఉంటే ఎక్కువ అంకెకు దగ్గరగా కొట్టాలి.

చక్రం: చక్రాన్ని పైకి లేపి తిప్పాలి. బ్రేకు రబ్బరుకు, రిమ్ముకు మధ్య సందు చూడాలి. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే చక్రం వంకర ఉన్నట్టు. పుల్లలను వేలితో మీటాలి. ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే మోత రావాలి. కుండ మోత విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు.

బ్రేకు: డిస్కు బ్రేకు బురదలో బాగా పని చేస్తుంది. కాని చవక రకంలో ఆ పళ్ళెం దెబ్బ తగిలితే వంగుతుంది. సరిచేసే మనిషి దగ్గర ఉండాలి. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకు చవక. రబ్బరు అరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. రిమ్ముకు ఒక చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. అంటకపోతే అల్యూమినియం. వానలో ఉక్కు రిమ్ము మీద బ్రేకు జారుతుంది. అల్యూమినియం రిమ్ము మీద బాగా పడుతుంది.

చట్రం: ఉక్కు చట్రం బరువు. తుప్పు పడుతుంది. కాని పగిలితే వెల్డింగు దుకాణంలో అతుకుతారు. అల్యూమినియం చట్రం తేలిక. తుప్పు పట్టదు. పగిలితే అతకడం కష్టం. పెడళ్ళ దగ్గర, హ్యాండిలు దగ్గర అతుకులు శుభ్రంగా ఉన్నాయా అని వేలితో తడిమి చూడాలి.

గేర్ల లెక్క

"గేర్లు లేకపోతే ఎట్లమ్మా?" అని కొడుకు గునిశాడు.

గేరు అంటే పళ్ళ లెక్క. పెడలు దగ్గరి చక్రానికి 44 పళ్ళు, వెనుక చక్రానికి 22 పళ్ళు ఉన్నాయనుకోండి. 44ను 22తో భాగిస్తే 2. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2 మీటర్లు పోతుంది. అంటే ఒక తొక్కుకు 4 మీటర్లు.

గేరు మార్చి ముందు 24, వెనుక 24 పెట్టారనుకోండి. ఒక తొక్కుకు 2 మీటర్లే పోతుంది. నిదానం అవుతుంది. కాని కాళ్ళకు తేలిక. నిటారు ఎత్తు ఎక్కేవాళ్ళకు, బరువు మోసేవాళ్ళకు అది మేలు. గేర్లు చెడ్డవి కావు. మీ తొవ్వలో పెద్ద ఎత్తులుంటే, ఊళ్ళో గేరు బాగు చేసే మనిషి ఉంటే కొనండి. వెనుక 7 పళ్ళ చక్రాలు ఉంటే చాలు. 21 అనే అంకె చూసి మురిసిపోవద్దు.

ఆ తల్లి బడి తొవ్వను గుర్తు చేసుకుంది. రాళ్ళున్నాయి, గుంతలున్నాయి. పెద్ద ఎత్తు ఒకే ఒక్కటి. "ఆ ఒక్క ఎత్తు దగ్గర దిగి నడుస్త" అంది బిడ్డ. ఊళ్ళో పంక్చరు వేసే మనిషి ఉన్నాడు. గేరు చూసే మనిషి లేడు.

నిర్ణయం అయిపోయింది. ముందు స్ప్రింగు ఒక్కటే. గేర్లు లేవు. లావు టైరు. రబ్బరు బ్రేకు. కిందికి వంగిన కడ్డీ.

పైసల లెక్క

దుకాణదారు 7,900 అన్నాడు. తల్లి బేరం చేసింది. 7,600 దగ్గర తెగింది. పైసలన్నీ సైకిలుకే పెట్టవద్దని ఆమె ముందే అనుకుంది. కొండ సైకిళ్ళకు చాలా వాటికి క్యారియరు ఉండదు, మడ్‌గార్డు ఉండదు. అవి విడిగా కొనాలి.

క్యారియరు, స్టాండు 450
మడ్‌గార్డులు 200
గాలి పంపు 200
తాళం 150
వెనుక ఎర్ర దీపం 100
బెల్లు 50
పంక్చరు సామాను 50

ఇవన్నీ కలిపితే 1,200. సైకిలుతో కలిపి 8,800. మిగిలింది 200. ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి చెప్పినవి. దుకాణం దుకాణానికి ధర మారుతుంది. పద్ధతి మాత్రం ఇదే.

"బిల్లు కావాలె" అంది తల్లి.

బిల్లు లేకుండా ఎప్పుడూ కొనవద్దు. బిల్లులో పన్ను ఎంత పడిందో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. బేరం చేసేటప్పుడే "పన్ను కలిపి చెప్తున్నవా?" అని అడగండి. చట్రం మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఎక్కువగా పెడళ్ళ ఇరుసు కింద ఉంటుంది. ఆ నంబరు బిల్లులో రాయించండి. సైకిలు పోతే పోలీసులకు ఆ నంబరే ఆధారం. పాత సైకిలు కొనేవాళ్ళు కూడా ఈ నంబరు, పాత బిల్లు అడగాలి. లేకుంటే దొంగ సొమ్ము మీ మెడకు చుట్టుకోవచ్చు.

"పేరు ఏం రాయాలె? మీ ఆయన పేరు చెప్పుండ్రి" అన్నాడు దుకాణదారు.

"అప్పు నా పేర ఉంది. బిల్లు కూడ నా పేరనే రాయి" అంది తల్లి. రాశాడు. ఆమె కూడబలుక్కొని చదివింది. ఒక అక్షరం తప్పు పోయింది. దిద్దించింది.

ఇంటికి వచ్చాక

సైకిలు ఇంటికి వచ్చాక పని అయిపోలేదు. కొత్త సైకిలుకు మొదటి నెలలో నట్లు, పుల్లలు వదులు అవుతాయి. నెల తిరగగానే మళ్ళీ బిగించాలి.

పెడళ్ళ సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. కుడి పెడలు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడలు దానికి ఎదురు వైపు తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియక బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. పెడలు ఊడిపోతుంది.

మొరం దుమ్ము చైనుకు శత్రువు. వారానికి ఒకసారి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, పైకి కారిన నూనె మళ్ళీ తుడవాలి. నూనె ఎక్కువైతే దుమ్ము ఇంకా పడుతుంది. చైను గార్డు లేకపోతే పైజామా అంచు, చీర కుచ్చిళ్ళు చైనులో పడతాయి. గార్డు పెట్టించుకోండి. చున్నీ వెనక్కి ముడి వేయండి.

పెద్ద సడక్ మీద జాగ్రత్త. లారీ పోయిందంటే గాలికే సైకిలు ఊగుతుంది. లోపలి తొవ్వ ఉంటే దూరమైనా అదే పట్టండి. సడక్ దాటేటప్పుడు దిగి, రెండు వైపులా చూసి, నడిపించుకొని దాటండి. మసక వెలుగులో ఎర్ర దీపం వేయండి.

"పానా పట్టుకోవడం ఆడవాళ్ళకు వస్తుందా?" అనే అనుమానం వద్దు. జహీరాబాదు దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. మైకు పట్టింది, రికార్డు చేసింది, రేడియో నడిపింది సంఘాల దళిత ఆడవాళ్ళే. రేడియో నడిపిన ప్రాంతంలో పంక్చరు వేయడం ఎంత పని!

ఆ ఇంట్లో ఇప్పుడు ఒక తగువు నడుస్తున్నది. సెలవు రోజు సైకిలు తనకు కావాలని కొడుకు అంటాడు. సంతకు పోవడానికి తల్లికి కావాలి. తల్లి ఒక తీర్పు చెప్పింది. బడి ఉన్న రోజు తాళంచెవి బిడ్డ దగ్గరే ఉండాలి. ఎవరికి ఎంత అవసరం ఉన్నా అడగవద్దు. ఆదివారం పొద్దున కొడుకుది. సాయంత్రం తల్లిది. ఆమె ఇంకా నేర్చుకుంటున్నది. వెనుక సీటు పట్టుకొని ఉరికేది ఆమె బిడ్డే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో సైకిలు ఉందా? దాని బిల్లు ఎవరి పేరున ఉంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

2. మీ ఇంటి సైకిలు టైరు మీది అంకెలు చదివి రాయండి.

3. బడి 6 కిలోమీటర్ల దూరం ఉంది. నడిస్తే గంటకు 5 కిలోమీటర్లు, సైకిలు మీద గంటకు 12 కిలోమీటర్లు. రోజుకు ఎన్ని నిమిషాలు మిగులుతాయి?

4. దూరం వల్ల బడి మానేసిన ఆడపిల్లలు మీ వాడలో ఎందరు? వాళ్ళ కోసం సంఘం ఏం చేయగలదు?